నుదుటి వైపు గాటు

ఒక్కసారి తప్పిన చేతిని ఏనాటికీ నమ్మదగని చెయ్యి అని ఒప్పుకోవడం వినయమా, అబద్ధమా? ఈ ప్రశ్న పొద్దున అతనితో పాటే లేచింది, అతనితో పాటే బస్సెక్కింది, ఇప్పుడు అతని పక్క కుర్చీలో వచ్చి కూర్చుంది. మూసిన తలుపు ఎదుట, గోడకు బిగించిన నాలుగు ఇనుప కుర్చీల్లో చివరిది అతనిది. మోకాళ్ళ మీద ఒక కాగితం, కాగితం మీద బోర్లించిన అరచెయ్యి. అందులో ఉన్నవి నాలుగే వాక్యాలు. నలభై దిమ్మల మీదా గాట్లు పెట్టింది తానేనని, ఆ గాట్లలో ఏదీ నమ్మదగినది కాదని, వాటి ఆధారంగా రాసిన ఫలితాలకు విలువ లేదని, ఈ మాట ఎవరి బలవంతమూ లేకుండా చెబుతున్నానని. కింద సంతకం చేయవలసిన చోట ఎవరో పెన్సిలుతో చిన్న గుణకారం గుర్తు వేశారు, అతను దారి తప్పిపోతాడేమో అన్నట్టు. పదకొండింటికి లోపలికి పిలుస్తారు. గడియారంలో పదీ అయిదు. ఎవరి బలవంతమూ లేకుండా అన్న వాక్యాన్ని ఎవరు టైపు చేశారో గాని, ఆ వాక్యం దగ్గర సిరా కొంచెం ముద్దగా పడింది.

అతని పని మెదళ్ళను కోయడం. అలా చెబితే కొత్తవాళ్ళు ఒక అడుగు వెనక్కి వేస్తారు కాబట్టి వైద్య కళాశాలలో ఉద్యోగం అని సరిపెడతాడు. ఇరవై ఎనిమిదేళ్ళుగా ఒకే గది, ఒకే కిటికీ, ఒకే యంత్రం. మైనంలో బిగించిన ముక్క, దిమ్మ అంటారు దాన్ని, బ్లేడు మీదికి దిగుతుంది, వెంట్రుక మందంలో పదో వంతు పొర లేస్తుంది, ఆ పొరను కుంచె కొసతో పట్టి గోరువెచ్చని నీళ్ళ మీద పరచి గాజుపలక మీదికి ఎత్తుకోవాలి. ఊపిరి బిగబట్టకురా, బిగబడితే చెయ్యి వణుకుతుంది, వదులుతూ కొయ్యి, అని నేర్పిన పెద్దాయన పోయి చాలా కాలమైంది. అతను మాత్రం నేటికీ వదులుతూనే కోస్తాడు. పొరలాయన అంటారు అందరూ. పరిశోధన చేసే అమ్మాయి ఒక్కతే బాబాయ్ అంటుంది. అయిదేళ్ళ క్రితం ఆమె తెచ్చిన పని పసిబిడ్డల మెదళ్ళది. పుట్టి రోజులో నెలలో బతికి వెళ్ళిపోయిన పిల్లలవి, కన్నవాళ్ళు ఇచ్చినవి. మెదడు లోపల నీటితో నిండిన గదులుంటాయి బాబాయ్, ఆ గదుల గోడల పక్కన పుట్టిన లేత నాడీకణాలు, బిడ్డ పుట్టాక కూడా, నెలల తరబడి నుదుటి వెనక భాగానికి నడుస్తూనే ఉంటాయి, అది చూపించాలి, అంది. నడుస్తాయా అన్నాడు అతను. నడుస్తాయి, ఒకదాని వీపు మీద ఒకటి జారుతూ, గుంపులుగా, ముందుకు ఒక సన్నటి చెయ్యి చాచి, అంది. చనిపోయిన ముక్కలో నడక కనిపించదు. రంగు పట్టిస్తే ఆ లేత కణాలే గోధుమ రంగులో తేలతాయి, చాచిన చెయ్యి ఎటు ఉందో చూసి అటే పోతున్నాయని చెప్పాలి. కాని చింతగింజంత ముక్కలో నుదురు ఎటో మెడ ఎటో ఎవరికి తెలుసు? అందుకే మైనంలో ముంచక ముందే ప్రతి ముక్కకూ నుదుటి వైపు అంచున ఒక గాటు పెడతాడు అతను. ఆ గాటే దిక్కు. నలభై ముక్కలు, నలభై గాట్లు. ముప్పైతొమ్మిదింటిలో చాచిన చేతులన్నీ గాటు వైపే. పదిహేడో దాంట్లో మాత్రం అన్నీ గాటుకు వీపు తిప్పి.

పదిహేడును పట్టుకున్నది కూడా ఆ అమ్మాయే. సూక్ష్మదర్శిని మీంచి తల ఎత్తకుండానే, బాబాయ్, వీళ్ళంతా ఇంటికి తిరిగి పోతున్నారేంటి, అంది. అతను ఒక్క క్షణం కూడా తడబడలేదు. పోవడం లేదమ్మా, నేనే గాటు అటు పెట్టాను, అన్నాడు. ఎందుకు తడబడలేదు? ఆ రోజు తన చెయ్యి ఏం చేసిందో చేతికి తెలుసు కాబట్టి. కొన్ని తప్పులు జరిగిన తర్వాత తెలుస్తాయి, కొన్ని జరుగుతున్నప్పుడే ఎక్కడో మూలన తెలుస్తూ ఉంటాయి, మనిషి తీరిక చేసుకుని వినడు. ఆమె దాన్ని దాచలేదు. తన గ్రంథంలో పేజీ అడుగున చిన్న అక్షరాలతో రాసింది, పదిహేడో దిమ్మలో గాటు తారుమారైంది, లెక్కలోంచి తీసేశాం అని. ఆ చిన్న అక్షరాలే ఇప్పుడు ఈ కాగితమై అతని మోకాళ్ళ మీద ఉన్నాయి. నిజం చెప్పినవాడి మాటనే పట్టుకుని వాడి నోరు నొక్కే విద్య ఒకటుంది; అది ఏ కళాశాలలో నేర్పుతారో గాని బాగా చదువుకున్నవాళ్ళకే వస్తుంది. విభాగాధిపతి నిన్న సాయంత్రం పిలిచి కుర్చీ చూపించారు. ఇరవై ఎనిమిదేళ్ళలో ఆ కుర్చీలో కూర్చోమన్నది అదే మొదటిసారి, కూర్చున్నప్పుడే అతనికి అనుమానం రావలసింది. తప్పు ఒప్పుకోవడంలో పెద్దరికం ఉందయ్యా, అన్నారు. ఒప్పుకున్నాను కద సార్, పదిహేడు, అన్నాడు. ఒక చుక్క విషం పడ్డ కుండలో మిగతా నీళ్ళు మంచివంటావా, అన్నారాయన. జవాబు బస్టాపులో తోచింది: కుండ ఒకటి కాదు సార్, నలభై సీసాలు, దేని మూత దానిదే. అప్పటికి బస్సు వచ్చేసింది, ఆయన కారు ఎప్పుడో వెళ్ళిపోయింది. మంచి జవాబులన్నీ బస్టాపులోనే పుడతాయి, కార్లలో వెళ్ళేవాళ్ళకు వినపడవు.

తలుపు తెరుచుకుంది. వచ్చింది అటెండరు, చేతిలో ట్రే, ట్రేలో ముట్టని నాలుగు టీలు. అతని వయసుదే, మోకాళ్ళ నొప్పులు, పదునైన నోరు.

"లోపల నాలుగు తలకాయలున్నాయి అన్నయ్యా. నాలుగూ మెదడు గురించే మాట్లాడుతున్నాయి. టీ చల్లారిపోతోందన్న తెలివి ఒక్కదానికీ లేదు. నువ్వు తాగు."

"వాళ్ళ టీ నాకెందుకు చెల్లెమ్మా."

"వాళ్ళదేముంది, పెట్టింది నేను. నువ్వు ఒద్దంటే మొక్కకి పోస్తా, అదైనా ఎదుగుద్ది." గ్లాసు అతని పక్కన పెట్టి, కాగితం వైపు చూసి గొంతు తగ్గించింది. "పెట్టేశావా?"

"లేదు."

"పెడితే?"

"హెచ్చరికతో సరి. రెండేళ్ళలో రిటైరవుతాను."

"పెట్టకపోతే?"

"సస్పెన్షను. విచారణ. ఆఫీసాయన ముందే చెప్పాడు."

"మరి ఆ పిల్ల?"

ఆమె చీర చెంగుతో ట్రే తుడిచింది, అందులో తుడవడానికి ఏమీ లేకపోయినా. "నాకు మీ పొరలూ గిరలూ తెలీవు అన్నయ్యా. ఒకటి తెలుసు. మీ హెడ్డు సారు ఎవరికన్నా కుర్చీ వేశాడంటే వాడి మంచం లేపడానికే." నడవా చివరి దాకా ఆమె చెప్పుల చప్పుడు వినపడింది, ఒక కాలు గట్టిగా, ఒక కాలు మెల్లగా.

మరి ఆ పిల్ల? అయిదేళ్ళు పోతాయి. ముప్పై దాటిన పిల్లకు అయిదేళ్ళంటే ఏమిటో యాభై ఎనిమిదేళ్ళవాడికి తెలియదని కాదు. అయినా అతని మనసు ఆమె దగ్గర ఆగడం లేదు, ఆమెను దాటి ఇంకెక్కడికో జారుతోంది, మెట్ల దగ్గరకు, ఆ రోజు దగ్గరకు, గోడలకు రంగులు వేసే ఆ మనిషి దగ్గరకు. మణికట్టు మీది వెంట్రుకల్లో తెల్లరంగు చుక్కలు ఎండి ఉన్నాయి, కడుక్కుని వచ్చాడు, అయినా పోలేదు. లోపలికి రానివ్వరని తెలిసి మెట్ల మీద కూర్చున్నాడు. మా వాడు ఇక్కడే ఉన్నాడంటగా, అన్నాడు. ఎవరి బిడ్డ ఏదో చెప్పకూడదు, చెప్పడానికి అతనికీ తెలియదు, దిమ్మలకు అంకెలే గాని పేర్లుండవు. చూపించమని అడగడం లేదండీ, మీరే కోస్తారంటగా, మిమ్మల్ని ఒక మాట అడిగిపోదామని, అన్నాడు. రెండు నెలల మూడు రోజులున్నాడండీ మావాడు, ఎక్కువ భాగం ఆస్పత్రిలోనే, ఆ రెండు నెలల్లో వాడేమన్నా నేర్చుకున్నాడా అండీ? మేము మాట్లాడినవి, మమ్మల్ని చూసింది, ఏమన్నా లోపలికి పోయిందా, లేకపోతే ఉత్తినే వచ్చిపోయాడా? నాకు తెలియదు బాబూ, నేను కోసేవాణ్ణే, అన్నాడు పొరలాయన. ఆ మనిషి తల ఊపాడు. రంగులు వేసేవాడికి ఇల్లు ఎవరు కట్టారో తెలియనట్టే అనుకున్నాడేమో. పర్వాలేదండీ, కోసేటప్పుడు జాగ్రత్తగా కొయ్యండి, అని లేచి వెళ్ళిపోయాడు. అతను లోపలికి వచ్చి చేతులు కడుక్కుని కత్తి తీసుకుని ముక్కకు గాటు పెట్టాడు. పదిహేడు. ఎవరిదో ఏమో. జాగ్రత్తగానే పెట్టాడు. అటు వైపు.

అందుకే ఈ తప్పు నాది, అనుకున్నాడు, మరొకరికి ఇవ్వను. దీన్ని తీసుకుపోయి మిగతా ముప్పైతొమ్మిదికి పులమనివ్వను. మనిషి తన తప్పు మీద కూడా హక్కు కాపాడుకోవాలి కాబోలు, లేకపోతే పక్కవాడు దాన్ని ఎత్తుకుపోయి తనకు కావలసినట్టు వాడుకుంటాడు. తప్పు చేసినవాడు తగ్గి ఉండాలి అంటారు. ఎంత తగ్గాలి? చేసినంత. అంతకు మించి వెంట్రుక మందంలో పదో వంతు తగ్గినా అది వినయం కాదు, అబద్ధం. ఆ మాట లోపల గట్టిగా వినపడి తనకే ఆశ్చర్యం వేసింది. టీ ఒక గుక్క తాగాడు. చల్లారింది గాని చిక్కగా ఉంది. పదీ ఇరవై ఏడు.

లోపల కూర్చున్న విభాగాధిపతి చెడ్డవాడా? కాదు. ముప్పై ఏళ్ళ కింద ఒక పాఠ్యగ్రంథం రాశారు, ఇప్పటికీ పిల్లలు అదే చదువుతారు. అందులో ఒక వాక్యం ఉంది: నాడీకణాల వలస జననంతో ముగుస్తుంది. రాసిన రోజున ఆయనకు అంతే తెలుసు, అందరికీ అంతే తెలుసు, అందులో పాపం లేదు. కాని తెలిసిన చోటనే మనిషి ఇల్లు కట్టుకుంటాడు, ఆ తర్వాత ఎవరు వచ్చి నేల కదులుతోందన్నా వాళ్ళనే అనుమానిస్తాడు. ముగుస్తుంది. ఎంత హాయైన మాట. అతని చిన్నప్పుడు, ఆరేళ్ళుంటాయేమో, ఇంట్లో చెల్లెలు పుట్టింది, నిద్రపోతున్న ఆ పిల్ల నడినెత్తి మీద చర్మం పైకీ కిందికీ ఆడుతుంటే, అదేమిటోనని అరచెయ్యి పెట్టాడు. అరచేతి కింద ఏదో కొట్టుకుంటోంది, గుండె తలలో ఉన్నట్టు. అమ్మ వంటగదిలోంచి పరుగెత్తుకొచ్చింది. ఒరే, మాడు మీద చెయ్యి తియ్యరా, ఇంకా పూడలేదు! అమ్మకు అక్షరం ముక్క రాదు. ఇంకా పూడలేదు అన్నది. ముగిసింది అనలేదు. చదువుకున్నవాళ్ళు ముగిసింది అన్నచోట చదువురాని మనిషి ఇంకా అంది, ఆ ఇంకా కోసమే బిడ్డను కళ్ళలో పెట్టుకుని కాచింది. ఆ చెల్లెలు నాలుగేళ్ళ దాకా మాట్లాడలేదు. మూగదే అన్నారు ఇరుగుపొరుగు, ఇంతే అన్నాడు వైద్యుడు, నోరు లేని పిల్ల ఇంటికి మంచిదేలే అని ఒక ముసలాయన హాస్యమాడాడు, అమ్మ ఆయన్ను చెంబు పట్టుకుని వీధి చివరి దాకా తరిమింది. అయిదో ఏట మొదలుపెట్టిన ఆ చెల్లెలు ఇప్పుడు ఫోను ఎత్తితే గంటకు తక్కువ దించదు. దీనికీ ఆ కణాలకూ సంబంధం ఉందని అతను అనడు, అనడానికి అతనెవరు, ఒక్క ఇంటి ముచ్చటతో శాస్త్రం నిలవదు. అయినా ఇంతే అన్న మాట విన్నప్పుడల్లా అతని చెయ్యి ఇప్పటికీ చెంబు కోసం వెతుకుతుంది.

పొద్దున భార్య గుమ్మంలో నిలబడి గొడుగు ఇచ్చింది, ఎండ లేదు, వాన లేదు. పెట్టమని అనను, పెట్టొద్దనీ అనను, అంది. మరేమంటావు, అన్నాడు. సాయంత్రం కంచం ముందు కూర్చుంటే ముద్ద దిగే పని చేసి రండి, ముద్ద దిగని మొగుడితో రెండేళ్ళు కాదు రెండు పూటలు నేను వేగలేను, అంది. రెండేళ్ళ సంగతి ఆమెకూ తెలుసు. రెండేళ్ళు ఊపిరి వదులుతూ కోసుకుంటూ పోతే ఒక పూలదండ, ఒక గోడ గడియారం, నలుగురి మాటలు. సంతకం అంటే మూడు అక్షరాలు, ఒక గీత. ఎంతమంది పెట్టలేదు? ప్రపంచం నడుస్తున్నది ఇలాంటి సంతకాల మీదే కదా, ఒక్కటి ఎక్కువైతే కూలుతుందా, ఒక్కటి తక్కువైతే నిలుస్తుందా? ఇలా అడుగుతున్నది ఎవరో అతనికి తెలుసు. పక్క కుర్చీలో కూర్చున్న ప్రశ్న కాదు, దాని వెనక నక్కి ఉన్న భయం. భయానికి తత్వం మాట్లాడటం బాగా వచ్చు. నువ్వు లే ఇక్కణ్ణుంచి, అన్నాడు దానితో, పెదవులు కదిలాయి కూడా. నడవాలో పోతున్న ఎవరో తిరిగి చూశారు.

అమ్మాయి ఒకసారి చెప్పింది. అవి నడిచి నడిచి నుదుటి వెనకకు చేరాక ఏం పని చేస్తాయో తెలుసా బాబాయ్? ఆపుతాయి. పక్క కణాలు ఊరికే రెచ్చిపోతుంటే, చాల్లే, ఆగు, అంటాయి. ఆలస్యంగా వచ్చేవాటిలో చాలా వాటి పని అదే. అంటే మీ పిన్నిలాగా, అన్నాడు అతను. ఆమె నవ్వి నవ్వి కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. నవ్వు ఆగాక, ఇవి సరిగ్గా చేరకపోతే ఏమవుతుందో ఇంకా ఎవరికీ పూర్తిగా తెలియదు బాబాయ్, చూడాలంటే ముందు అవి వస్తున్నాయని ఒప్పుకోవాలి కదా, అంది. ఒప్పుకోవాలి కదా. ఇప్పుడు ఆమె ఎక్కడుంది? కింద గదిలో తలుపేసుకుని ఉంటుంది. నా కోసం ఉద్యోగం పోగొట్టుకోవద్దు బాబాయ్, అని పొద్దున సందేశం పంపింది. నీ కోసం ఎవరు పోగొట్టుకుంటున్నారమ్మా, అనాలనిపించింది. నీ కోసం కాదు. మెట్ల మీద కూర్చున్నవాడు అడిగాడు, ఉత్తినే వచ్చిపోయాడా అని. వాడు ఏం నేర్చాడో ఏ పొరలోనూ కనిపించదు, అది చెప్పగలిగినవాడు పుట్టలేదు. కాని పుట్టిన తర్వాత కూడా ఆ తలలో వేలకు వేలు నుదుటి వైపు చేతులు చాచి నడుస్తూనే ఉన్నాయని, ఆ రెండు నెలల మూడు రోజులూ అక్కడ పని జరుగుతూనే ఉందని, అది మాత్రం అతని గాజుపలకల మీద ఉంది. ఇప్పుడు ఈ మూడు అక్షరాలూ గీతా పెడితే ఆ సమాధానాన్ని కూడా కొట్టేసినట్టే. తెలియదు అన్నవాడు ఒకందుకు నయం, తెలిసి చెరిపినవాడు?

పదీ నలభై. గోడ అవతల కుర్చీ జరిగిన చప్పుడు, ఎవరిదో దగ్గు. అవి నడిచే తీరు అతనికి కళ్ళకు కట్టినట్టుంటుంది, జీవంతో ఉన్నవాటిని ఎప్పుడూ చూడకపోయినా. సాఫీగా పోవు. ముందు చెయ్యి పోతుంది, తడుముతుంది, పట్టు దొరికాక ఆగుతుంది, అప్పుడు వెనకనున్న బరువంతా ఒక్క ఊపున ముందుకు జారుతుంది. మళ్ళీ చెయ్యి, మళ్ళీ బరువు. నాన్న ఇనుప పెట్టె లాగినట్టు. నాన్న పని ఎక్కడ దొరికితే అక్కడికి మకాం, ఏడాదికి రెండిళ్ళు, ప్రతిసారీ ఆ పెట్టె. ముందు నాన్న ఒక మెట్టు ఎక్కి, పిడి పట్టుకుని, ఊపిరి తీసుకుని, హుమ్మని లాగితే పెట్టె ఒక్క మెట్టు ఎక్కేది. ఈ కొంప సామానంతా నీ పెట్టెలోనే ఉందా ఏమిటే, అనేవాడు. మీ పరువు కూడా అందులోనే ఉంది, జాగ్రత్తగా లాగండి, అనేది అమ్మ. ఖాళీ చేసిన గదిలోకి చివరిసారి వెళ్ళి చూసేది తనే, చిన్నవాడు కాబట్టి, ఏమన్నా మరిచిపోయామేమోనని. ఏమీ ఉండేది కాదు. కాని పెట్టె ఉన్నచోట గచ్చు మాత్రం నున్నగా, కొత్తగా, చుట్టూ మాసిన నేల మధ్య సరిగ్గా పెట్టె ఆకారంలో మిగిలి ఉండేది. ఒక మూల సొట్ట కూడా అలాగే. పెట్టె వెళ్ళిపోయినా, పెట్టె ఎటు తిరిగి ఉండేదో ఆ నేల చెబుతుండేది.

అతను గ్లాసు కింద పెట్టేశాడు.

నేల చెబుతుంది. ముక్క తీసిన చోట గుంట ఉంటుంది. చింతగింజంత ముక్కలు ఆకాశంలోంచి ఊడిపడలేదు కదా, ఒక్కొక్కటీ మందంగా కోసి ఉంచిన ఒక్కొక్క మెదడు బిళ్ళలోంచి తను తీసినవి, ఆ బిళ్ళలు ఈ రోజుకూ కింద నిల్వగదిలో జాడీల్లో ఉన్నాయి, నలభై జాడీలు, మందునీళ్ళలో. బిళ్ళ పెద్దది, అరచేతి వెడల్పుది, దాంట్లో నుదురు ఎటో పసిపిల్లలు కూడా చెబుతారు. సగం కోసిన ముక్కలు మైనంలో మిగిలే ఉన్నాయి. మైనం కరిగించి ముక్కను దాని గుంటలో పెడితే, గాటు ఎటు ఉందో ఎవరైనా చూడవచ్చు. నలుచదరంగా తీసి ఉంటే నాలుగు వైపులా పట్టేది, అప్పుడు పెట్టినా లాభం లేదు. కాని అతనిది ఎడమచేతి వాటం. కత్తి కుడిచేతివాళ్ళది. ఇరవై ఎనిమిదేళ్ళలో ఒక్క ముక్కనూ నలుచదరంగా తీయలేదు, ప్రతిదానికీ ఒక పక్క ఏటవాలు, ఒక్కోదానికి ఒక్కో వాలు. నీ ముక్కకు మూలలు నాలుగూ నాలుగు ఊళ్ళు పోతాయిరా, అని పెద్దాయన బతికున్నంత కాలం తిట్టాడు. ఏ గుంటలోకి ఆ ముక్కే, అదీ ఒకే ఒక్క తీరున. మైనం పట్టి కొంచెం కుంచించుకుపోయి ఉంటాయి, వదులుగా కూర్చుంటాయి. కూర్చోనీ. పెద్దవాడి అడుగుజాడలో చిన్నవాడి చెప్పు పెట్టినా కుడికాలిది కుడికాలే. ఇన్నాళ్ళూ ఎందుకు తోచలేదు? సిగ్గుపడుతూ కూర్చున్నాడు కాబట్టి. సిగ్గు మనిషిని తన చేతిని తప్ప ఇంకేమీ చూడనివ్వదు. ఒకవేళ పెట్టి చూస్తే మరో గాటు కూడా తప్పని తేలితే? తేలితే తేలనీ. అప్పుడు రెండు అని రాస్తాడు. మూడైతే మూడు. ఎన్ని ఉంటే అన్ని, ఒక్కటి ఎక్కువ కాదు, ఒక్కటి తక్కువ కాదు. నిజానికి భయపడేవాడు ఈ కాగితం మీద సంతకం పెడతాడు. తను భయపడటం లేదని అప్పుడే తెలిసింది, కాళ్ళు లేచి నిలబడ్డాక.

కాగితం మీది రెండో వాక్యాన్నీ మూడో వాక్యాన్నీ ఒక్కో గీతతో కొట్టేశాడు. పైన రాశాడు: పదిహేడో దిమ్మ గాటు నా తప్పు. మిగతావి కింద నిల్వగదిలో చూపిస్తాను. పెన్సిలు గుర్తు ఉన్నచోట కాకుండా, తాను రాసిన వాక్యం పక్కనే సంతకం పెట్టాడు. అటెండరు నడవా మలుపులో కనిపించింది.

"చెల్లెమ్మా, ఇది లోపల ఇచ్చెయ్. నేను లోపలికి రానని చెప్పు. వాళ్ళనే కిందికి రమ్మను."

"నలుగుర్నీనా?"

"నలుగుర్నీ. వచ్చేటప్పుడు ఆ పిల్ల గది తలుపు కూడా కొట్టు."

ఆమె కాగితాన్ని, అతన్ని, మళ్ళీ కాగితాన్ని చూసింది. "లిఫ్టు పనిచెయ్యదు అన్నయ్యా. వాళ్ళు మూడంతస్తులు దిగాలి."

"దిగనీ."

మెట్లు దిగాడు. నిల్వగది తాళం ఎప్పుడూ అతని దగ్గరే. తలుపు తీయగానే మందునీళ్ళ ఘాటు కళ్ళలో కొట్టింది, ఫ్యాను వేశాడు, పొడవాటి బల్ల మీద తెల్లగుడ్డ పరిచాడు. వేడిపలక స్విచ్చి నొక్కి పదిహేడో దిమ్మను దాని మీద పెట్టాడు. మైనం అంచుల్లో మొదట చెమర్చింది, తర్వాత జారింది, మధ్యలోంచి లేత గోధుమ ముక్క నెమ్మదిగా బయటపడింది. పదిహేడో జాడీ దింపి బిళ్ళను పళ్ళెంలోకి ఎత్తాడు. బరువేమీ లేదు. అంత చిన్న నుదురు. రెండు చేతులతో పట్టుకుని ఒక్క క్షణం అలాగే ఉన్నాడు, తర్వాత గుంట పైకి కనపడేలా సరిచేసి పెట్టాడు. ఆ వెంటనే రెండో పళ్ళెం, ఒకటో జాడీ. మూడో పళ్ళెం, రెండో జాడీ. వరసగా వేడిపలక మీదికి దిమ్మలు. ఊపిరి వదులుతూ.

మెట్ల మీద బూట్ల చప్పుడు. ముందుగా వచ్చింది విభాగాధిపతి, చేతిలో ఆ కాగితం, ముఖం ఎర్రగా. ఆయన వెనక మిగతా ముగ్గురు, వాళ్ళ వెనక కళ్ళు వాచిన అమ్మాయి, ఆమె భుజం మీద చెయ్యి వేసి అటెండరు.

"ఏమిటయ్యా ఇది? ఎవరి అనుమతితో—"

అతను చేతితొడుగుల పెట్టెను ఆయన వైపు జరిపాడు. పట్టకారుతో పదిహేడో ముక్కను ఎత్తి, ఆయన ముందు పళ్ళెంలో బిళ్ళ పక్కన ఉంచాడు.

"తొడుక్కోండి సార్. నేను ముట్టను. మీ చేత్తోనే గుంటలో పెట్టండి."